ఆ విశేషణం ఎవరి కోసం?

పెరూ దేశపు డెయ్‌సీ కోరీ, ఆమె తమ్ముడు హోర్హే ఇద్దరూ చదరంగం క్రీడాకారులే. 2009లో టర్కీలో జరిగిన ప్రపంచ యువ చదరంగ పోటీల్లో తమ్ముడు పద్నాలుగేళ్ళలోపు విభాగంలో, అక్క పదహారేళ్ళలోపు బాలికల విభాగంలో విజేతలయ్యారు. బిరుదుల దగ్గరికొచ్చేసరికి అతను గ్రాండ్‌మాస్టర్, ఆమె ‘మహిళా గ్రాండ్‌మాస్టర్’. 2011లో చెన్నైలో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచినా ఆ విశేషణం ఆమెని వదల్లేదు.

అది మర్యాద కోసం పెట్టిన మాట కాదు. గ్రాండ్‌మాస్టర్‌కి 2500 రేటింగు కావాలి, మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి 2300 చాలు. 1976లో ఈ బిరుదుని సృష్టించిన ప్రపంచ చదరంగ సమాఖ్య, ఇంకా పుట్టని ఆడపిల్లల తెలివికి కూడా ముందే తరుగు తీసేసింది.

అసలు బిరుదుకి ఆడవాళ్ళని ఎవరు అడ్డుకున్నారని అడుగుతారు. నిజమే, 2002లో మన కోనేరు హంపి దాన్ని సాధించింది. కానీ ఆడపిల్లకి దగ్గరి మెట్టు చూపించి ‘నీకిది చాల్లే’ అనడం మనకి కొత్తా?

మహిళల పోటీలు వద్దనడం లేదు. మగవాళ్ళతో నిండిన హాల్లో అడుగుపెట్టడానికి జంకే పిల్లకి అవి తెరిచిన తలుపులు. డబ్బు, శిక్షణ, ప్రయాణ ఖర్చులు ప్రత్యేకంగా ఇవ్వాల్సిందే. ప్రత్యేకంగా ఇవ్వకూడనిది కొలబద్ద ఒక్కటే.

‘ఆడవాళ్ళలో బాగా రాస్తుంది’ అనే మెప్పుని భరిస్తూ వచ్చిన రచయిత్రులకి ఈ రాజకీయం విడమరిచి చెప్పాలా? ఆ మెప్పుని తిరస్కరించినట్టే ఈ బిరుదునీ తిరస్కరించాలి.