సిరప్ పట్టి బడికి పంపవద్దు



బడులు తెరిచి, వానలు మొదలైతే చాలు, మన పిల్లల ఓ.పి. ముందు వరుస పెరుగుతుంది. సోమవారం ఉదయం తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "సిస్టరుగారూ, ఈ రోజు వీణ్ణి బడికి పంపమంటారా, వద్దంటారా?" నర్సుగా ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. నా అభిప్రాయం దాచకుండా చెప్పదలిచాను.

ముందు నా తప్పు చెబుతాను. మా అబ్బాయి ఎల్.కె.జి. చదివే రోజుల్లో ఒక ఉదయం వాడి ఒళ్లు వేడిగా ఉంది. నాకు 8 గంటలకు డ్యూటీ. సెలవు అడగడానికి మొహమాటపడి, పారాసిటమాల్ సిరప్ పట్టి, యూనిఫాం తొడిగి పంపేశాను. ఆ మందు పనిచేసేది 4 నుండి 6 గంటలే. పదకొండు దాటేసరికి బడి ఆయా వాణ్ణి భుజాన వేసుకుని వార్డుకే వచ్చింది. "సిస్టరమ్మా, బాబు పొట్ట మీద నీటి పొక్కులు చూడండి" అంది. ఆటలమ్మ!

రెండు వారాలకు ఆ తరగతిలో మరికొందరికి వచ్చింది. వారిలో ఒక పాప తల్లి ఏడో నెల గర్భిణి. కొన్నాళ్లకు ఆమెకూ సోకి, న్యుమోనియాతో నేను పనిచేసే వార్డులోనే చేరింది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుండే అంటుకుంటుంది కనుక, ఆ రోజు నేను వాణ్ణి ఆపినంత మాత్రాన అది ఆగేదో లేదో చెప్పలేను. కానీ ఆమెకు ఆక్సిజన్ మాస్కు సరిచేస్తున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

అందుకే చెబుతున్నాను. సిరప్ జ్వరాన్ని తగ్గిస్తుంది గాని, రోగాన్ని తీసివేయదు. థర్మామీటరులో 100.4 డిగ్రీలు గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే బిడ్డను ఇంట్లోనే ఉంచండి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్న తరువాతే పంపండి.

అలాగని ముక్కు కారిన ప్రతిసారీ ఆపమనడం లేదు. ఈ వయసు పిల్లలకు ఏడాదిలో ఆరు నుండి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బడి మాన్పించనక్కరలేదు, యాంటీబయాటిక్ కొననక్కరలేదు. తలలో పేలు ఉన్నాయని ఇంటికి తిప్పి పంపడమూ సరికాదు. అంగన్‌వాడీకి వెళ్లే బిడ్డను ఊరికే ఆపితే ఆ పూట భోజనం, గుడ్డు కూడా పోతాయి.

సందేహం వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. బిడ్డ తింటూ, తాగుతూ, ఆడుకుంటున్నాడా? అంతమంది పిల్లల మధ్య ఒక టీచరు, ఒక ఆయా ఈ రోజు వీణ్ణి చూసుకోగలరా? ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా ఆపండి.

కొన్ని జబ్బులకు మాత్రం లెక్క ఉంది. విరేచనాలు, వాంతులు ఆగిన తరువాత 48 గంటలు ఇంట్లో ఉంచాలి. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ, డాక్టరుగారు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు వేయాలి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేవరకు, తట్టు అయితే దద్దు కనిపించిన తరువాత కనీసం 4 రోజులు పంపకూడదు. గజ్జికి మందు రాసిన మరునాడు పంపవచ్చు, అయితే ఇంటిల్లిపాదీ రాసుకోవాలి.

బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా బడి సంగతి మరచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏడాది దాటి అయిదేళ్లలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు గాని, అంతకు మించి గాని ఊపిరి తీస్తుంటే కూడా ఆలస్యం చేయవద్దు.

ఇంతా చెప్పి తల్లులనే తప్పుపట్టి ముగించలేను. "ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోతుందమ్మా, ఏం చేయమంటారు?" అని అడిగే తల్లికి నా దగ్గర మంచి జవాబు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2008 నుండి పిల్లల సంరక్షణ సెలవు ఉంది. నాట్లకు వెళ్లే తల్లికి, ఇళ్లల్లో పనిచేసే తల్లికి ఏముంది? అందుకే బిడ్డను చూసుకోవడం ఆ రోజు తండ్రి వంతు కూడా. నాయనమ్మ, అమ్మమ్మల వంతు కూడా. మన సంఘంలో పెద్దవారు, ఇంటి పట్టున ఉండేవారు ఎందరో ఉన్నారు. జ్వరం, అంటువ్యాధి లేకుండా ఇంకా నీరసంగా ఉన్న పక్కింటి బిడ్డను ఒక పూట చూసుకుంటే ఆ ఇంట్లో ఒక రోజు కూలి నిలుస్తుంది.

బడులు నడిపేవారికి కూడా ఒక మనవి. నర్సరీ, ఎల్.కె.జి. పిల్లలకు "నూరు శాతం హాజరు" బహుమతులు మానండి. నాలుగేళ్ల బిడ్డ జ్వరంతో బడికి రావడం ఘనత కాదు. ఆ కప్పు కోసం ఎందరు తల్లులు ఉదయాన్నే సిరప్ పడుతున్నారో ఓ.పి.లో మాకు తెలుస్తూనే ఉంది.

రేపు ఉదయం మందు సీసా మూత తీసేటప్పుడు, ఇది బిడ్డ కోసమా, బడి బస్సు కోసమా అని ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఉదయం నేను ఆలోచించలేదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్