పథ్యం మిగిలింది... విశ్రాంతి కరిగిపోయింది
ఆసుపత్రి కాన్పుకు, ఇంటి బాలింతరికానికి కుదరని పొంతన

శ్రీకాకుళం: కాన్పు ఆసుపత్రిలో జరుగుతోంది. బాలింతరికం మాత్రం ఇంట్లోనే గడుస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఒకప్పుడు మంత్రసాని మోసిన బాధ్యతను వైద్యులు, నర్సులు అందుకున్నారు. అయితే సహజ కాన్పు అయితే రెండు మూడు రోజులకు, శస్త్రచికిత్స అయితే సుమారు వారానికి ఆ బాధ్యత ముగిసిపోతోంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో తల్లికి ఉచిత భోజనం పెట్టేదీ అన్ని రోజులే. ఆ తర్వాత నెలకు పైగా ఆమెకు ఏం పెట్టాలి, ఎన్ని నీళ్లు ఇవ్వాలి, ఎప్పుడు తలకు పోయాలి అన్నది తేల్చేది పుట్టినబిడ్డ అమ్మమ్మ. ఆ అమ్మమ్మను కూర్చోబెట్టి మాట్లాడే ఏర్పాటు మాత్రం వైద్య వ్యవస్థలో దాదాపు కానరాదు.

పెద్దల లెక్కలో అర్థం ఉంది

బాలింత పథ్యాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలిక. అది న్యాయం కాదు. సుశ్రుత సంహిత ప్రసవం తర్వాత నెలన్నర పాటు ప్రత్యేక ఆహార విహారాలు విధించింది. కాశ్యప సంహితలో సూతికోపచారాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. గర్భాశయం పూర్వస్థితికి చేరడానికి ఆధునిక వైద్యులు చెప్పే 42 రోజుల గడువు ఈ నెలన్నరకు ఇంచుమించు సమానం.

శొంఠి, పిప్పళ్లు, మోడి దంచి, బెల్లం, నువ్వుల నూనె, నెయ్యి చేర్చి వండిన కాయాన్ని పరగడుపున చిన్న ముద్దగా తినిపిస్తారు. ఒళ్లంతా నూనె మర్దించి వావిలాకు మరిగించిన నీళ్లు పోస్తారు. తడి తలకు సాంబ్రాణి పొగ పట్టి, చెవుల్లో దూది పెట్టి, నడికట్టు బిగిస్తారు. పది రోజులు పురుడు పాటించి పదకొండో రోజున పురిటి స్నానం చేయిస్తారు. ఇరవై ఒకటో రోజునో, మూడో నెలలోనో బావికి పసుపు కుంకుమలు పెట్టి చేద వేయించే ఆనవాయితీ చాలా కుటుంబాల్లో ఉండేది. ఆ చేద పడేదాకా బాలింత నీళ్లు తోడరాదు. మైల అన్న మాట కటువైనదే. పురుడు పేరిట చీకటి గదిలో ఒంటరిగా పడి ఉన్న తల్లుల బాధ కూడా తక్కువది కాదు. అయినా పొయ్యి దగ్గరకు, బావి దగ్గరకు, పొలానికి పోకుండా ఆడదానికి చాకిరి నుంచి దొరికిన సెలవు అదొక్కటే. మొత్తం ఆచారంలో విలువైన భాగం ఆ సెలవు. ముందుగా జారిపోయిందీ అదే.

తిండిపై ఆంక్ష.. నీటిపై ఆంక్ష

మిగిలినవి ఆంక్షలు. పాత బియ్యపు అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి. తొలి రోజుల్లో అనేక ఇళ్లలో ఇంతకు మించి పెట్టరు. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందంటారు. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలంటారు. గుడ్డు వద్దు, పండ్లు చలువ, మజ్జిగ శీతం. నీళ్లు ఎక్కువైతే పొట్ట జారుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లూ ఉన్నాయి.

రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు అదే సర్వే తేల్చింది. కాన్పులో ఇంకొంత రక్తం పోగొట్టుకున్న తల్లికి ఆకుకూర, పప్పు, గుడ్డు మాన్పిస్తే కోలుకునేది దేనితో? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలోకేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. నేతితో, కాయంతో కొంత శక్తి చేరుతుంది గానీ మాంసకృత్తులు, ఇనుము చేరవు.

నీటి సంగతి మరింత చిక్కైనది. ప్రసవానంతరం 180 రోజులు ఇనుము మాత్ర మింగాలి. ఆ మాత్రతో కొందరికి మలబద్ధకం వస్తుంది. నీళ్లు, పీచు పదార్థాలు తగ్గిస్తే అది ముదురుతుంది. కుట్ల నొప్పితో బాధపడే బాలింత ఆ మాత్రే వేడి చేసిందని పక్కన పడేస్తుంది. రక్తహీనత అలాగే ఉండిపోతుంది. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ అదనం. ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి, బాలింత పథ్యానికి ముడిపెట్టడం తగదు. కానీ ఆ వ్యాధి పేరు వినని గడప లేని జిల్లాలో దాహమేసిన పచ్చి బాలింతకు నీళ్లు దాచిపెట్టడం చోద్యంగానే ఉంది.

శస్త్రచికిత్సకు పాత విధానం

రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినట్లు సర్వే చెబుతోంది. పథ్యం నియమాలు పుట్టిన నాటికి ఈ కుట్లు లేవు. పొట్టపై నూనె రాసి గట్టిగా మర్దించడం, కుట్ల మీదుగా చీర గుడ్డతో నడికట్టు బిగించడం సహజ కాన్పు నాటి పద్ధతులు. పచ్చి గాయంపై అవి ప్రమాదకరం. కదలకుండా పడుకోవాలన్న నియమమూ అంతే. శస్త్రచికిత్స తర్వాత మంచానికే అతుక్కుపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. విశ్రాంతి అంటే పని లేకపోవడం. నడక లేకపోవడం కాదు.

కుంపటి సంగతీ చెప్పుకోవాలి. పెంకుటింట్లో బొగ్గుల పొగ కప్పు సందుల్లోంచి పోయేది. ఇప్పటి శ్లాబు గదిలో కిటికీలు బిగించి మంచం కింద నిప్పులు పెడితే తల్లీబిడ్డల ఊపిరికే ఎసరు.

అన్నింటికంటే భయపెట్టేది పేరు పెట్టడంలో పొరపాటు. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ఆగని రక్తం, ఒక కాలే వాచిపోవడం, తట్టుకోలేని తలనొప్పి, ఫిట్స్... ఇవన్నీ వెంటనే ఆసుపత్రికి తరలించాల్సిన లక్షణాలు. వీటిని బాలింత వాతమనుకుని కాయం మోతాదు పెంచుతూ కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. నిద్ర లేక, కారణం తెలియక ఏడ్చే తల్లికి దిష్టి తీసి ఊరుకోవడమూ ఇటువంటిదే. ప్రసవానంతర కుంగుబాటుకు వైద్యం ఉందన్న సంగతి చాలా ఇళ్లకు చేరలేదు.

కూలి ఇంట్లో పథ్యం

సంఘటిత రంగంలో పనిచేసే మహిళకు 2017 సవరణ చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. జీడిపిక్కల బట్టీల్లో, ఇటుక బట్టీల్లో, వరి చేలల్లో పనిచేసే ఆమెకు ఆ చట్టం అందని చందమామే. ప్రధాన మంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు ఇచ్చే రూ.5,000 విడతలుగా వస్తుంది. అది కోల్పోయిన కూలిని పూడ్చదు. ఫలితంగా ఈ ఇళ్లలో విచిత్రం జరుగుతోంది. పప్పు, గుడ్డు మానడం వరకు పథ్యం నిక్కచ్చిగా సాగుతుంది. మూడో వారానికే కట్టెలు, నీళ్లు, పశువుల పని నెత్తిన పడుతుంది. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్డు, పాలు బాలింత పేరిటే నమోదవుతాయి. గుడ్డు పథ్యం కాదన్న ఇంట్లో అవి ఎవరి పళ్లెంలోకి చేరుతున్నాయో ఊహించడం కష్టం కాదు.

పుట్టింట్లో కాన్పు.. అత్తింట్లో నమోదు

ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి తల్లీబిడ్డలను చూడాలి. కాగితంపై ఇది చక్కని ఏర్పాటు. కానీ మన ఆచారం ప్రకారం గర్భిణి పురిటికి పుట్టింటికి వెళుతుంది. ఆమె వివరాలు అత్తింటి ఊరిలో నమోదై ఉంటాయి. అక్కడి కార్యకర్తకు బాలింత కనిపించదు. పుట్టింటి ఊరి కార్యకర్త జాబితాలో ఆమె పేరుండదు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు సంబంధాలు కలుపుకొన్న కుటుంబాల్లో పుట్టిల్లు ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఉంటే చెప్పేదేముంది? ఇద్దరు కార్యకర్తల మధ్య రాష్ట్ర సరిహద్దే అడ్డుపడుతుంది. దీనికి తోడు, మూడు, ఏడు రోజుల సందర్శనలు పురుడు పాటించే రోజుల్లోనే వస్తాయి. పైవారు ఆ గదిలోకి రావడం ఇష్టపడని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

జవాబు వంటింట్లోనే

పథ్యాన్ని మానేయమంటే వినే అమ్మమ్మ ఉండదు, వినాల్సిన అవసరమూ లేదు. మునగాకు వేసిన తెలగపిండి కూర, సొరచేప పుట్టు, బొబ్బర్లు... పాలు పడతాయని పెద్దలే చెప్పిన వంటలివి. తీరంలోని మత్స్యకార కుటుంబాలకు సొర పుట్టు ఎవరూ నేర్పనక్కర్లేదు. వీటిని చాలా చోట్ల పథ్యం సడలించాక పెడతారు. బాలింతకు అరుగుదల కుదురుకోగానే, మొదటి వారంలోనే మొదలుపెడితే మాంసకృత్తుల లోటు చాలా వరకు తీరుతుంది. పచ్చి నీళ్లు ఇవ్వని చెయ్యి వాము, జీలకర్ర వేసి కాచిన నీళ్లు ఇవ్వడానికి వెనుకాడదు. దాహం తీరేదాకా అవే పోయవచ్చు. కాళ్లకు, వీపుకు నూనె మర్దన నిరభ్యంతరంగా చేయొచ్చు. కుట్లు మానేదాకా పొట్టను వదిలేస్తే చాలు.

ఈ మాటలు ఎవరికి చెప్పాలన్నదే ప్రశ్న. డిశ్చార్జి నాడు మందుల చీటీ చేతికిచ్చి ‘అన్నీ తినొచ్చు’ అని నీరసంగా ఉన్న బాలింతకు చెబుతున్నారు. వంటగది తాళం ఆమె చేతిలో లేదు. మంచం పక్కన సంచి సర్దుకుంటున్న తల్లిని పిలిచి, పోషకాహారం వంటి పెద్ద మాటలు కాకుండా పప్పు, మునగాకు, గుడ్డు, వాము నీళ్లు అని పేర్లతో చెప్పడానికి పది నిమిషాలు చాలు. బంధుస్త్రీలంతా చేరే పదకొండో రోజు పురిటి స్నానం ఆశా కార్యకర్తకు మరో మంచి అవకాశం. ఇక పుట్టింటికి బయల్దేరే ముందే ఆ ఊరి పేరు, ఫోన్ నంబరు రాసుకుని అక్కడి ఏఎన్ఎంకు చేరవేసే పని జిల్లా వైద్యారోగ్య శాఖ చేతిలోనిదే. ఒడిశా వైపు అయితే ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచే ఆ కబురు వెళ్లాలి.