పేరు తెలియని ముక్క

బండి విప్పడం ఎవరికైనా వచ్చు. తిరిగి బిగించేటప్పుడే మన చదువు ఎంతో బయటపడుతుంది. మన మెకానికల్ విద్యార్థులు పాత బండ్ల సామాను పోగుచేసి చిన్న కారు కట్టాలని ఏటా ఉబలాటపడుతూనే ఉన్నారు. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. కాని ఒక బ్యాచి విప్పిన సామానంతా గోనెసంచిలో పోసి, పరీక్షలు రాసి, టీసీలు పుచ్చుకుని వెళ్ళిపోతుంది. మరుసటి బ్యాచి ఆ సంచి కుమ్మరించుకుని "ఇదేమిట్రా, ఇదెక్కడిదిరా" అని తలలు పట్టుకుంటుంది. ఈ పేరు తెలియని ముక్కల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ఇంగ్లండులో లోటస్ కంపెనీ 1957లో 'సెవెన్' అనే చిన్న కారును విడిభాగాలుగా అమ్మింది. ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. మన దేశంలోనూ 1928లోనే జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో విదేశీ విడిభాగాలతో కార్లు బిగించారు. అయితే ఆ సామానంతా ఒకే కారుది. మన కారు సంగతి వేరు. ఇరుసు ఆటోది, స్టీరింగు మారుతిది, బ్రేకులు ఏ వ్యానువో! ఇన్ని ఇళ్ళ పిల్లలను ఒక పంక్తిలో కూర్చోబెడితే ఎవరెవరో ఎలా తెలియాలి?

తెలియని ముక్క కనబడితే మనవాళ్ళు రెండే పనులు చేస్తారు. పాత ఇనుము కింద పారెయ్యడం, లేదా ఎక్కడ పడితే అక్కడ దూర్చడం. రెండూ ప్రమాదమే.

బోల్టు సంగతే చూడండి. 8 మిల్లీమీటర్ల బోల్టుకూ, 5/16 అంగుళం బోల్టుకూ కంటికి తేడా తెలియదు. రెండోది 7.94 మిల్లీమీటర్లు, అంతే. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. మనవాడు స్పానరుకు గొట్టం తొడిగి తిప్పుతాడు. మర కాస్తా పోతుంది! మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, అంగుళాల బోల్టులు మన షెడ్లలోంచి పోలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో పుట్టిన అంబాసిడర్ వాటితోనే తిరిగింది. తాడేపల్లిగూడెంలో రన్‌వే వేసిన రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో తయారైన విల్లీస్ జీపుకైతే, ఎడమ చక్రాల నట్లకు ఎడమ మర. అది తెలియనివాడు విప్పుతున్నాననుకుని బిగిస్తాడు.

బేరింగయితే తన పేరు తానే చెప్పుకుంటుంది. 6205 అని ఉంటే చివరి రెండంకెలను అయిదుతో గుణించండి, లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. (04 మొదలు పైవాటికే ఈ లెక్క.) నంబరు తుప్పు తినేసినా ఫరవాలేదు. లోపల 25, బయట 52, మందం 15 ఉంటే అది 6205 కొలతే. వెనక ఇరుసు నిష్పత్తి కావాలా? రెండు చక్రాలనూ పైకెత్తి, రెంటినీ కలిపి ఒక చుట్టు తిప్పి, ముందున్న షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దగీత పెట్టి లెక్కించండి. ఇందులో పెద్ద విద్య ఏముంది? ఓపిక తప్ప!

మా సంచిలో చిటికెనవేలంత ఇనుప ముక్క ఒకటి దొరికింది. మధ్యలో పళ్ళ చక్రం, లోపల మర, రెండు చివరలా గాడి. కార్బురేటర్‌దన్నారొకరు, పారెయ్యమన్నారొకరు. ఏలూరులో ఒక షెడ్డు మేస్త్రిగారికి చూపించాను. ఆయన పేరు చెప్పలేదు. "ముందు ఇది ఎక్కడ రాసుకుందో చూడబ్బాయ్, పేరు తర్వాత" అన్నారు. గాడి మెరుస్తోంది. అంటే అందులో పల్చటి రేకులాంటిదేదో ఆనుకుని ఉండేదన్నమాట. అప్పుడు తెలిసింది, అది బ్రేకు షూల మధ్య ఉండే అడ్జస్టరు. లైనింగు అరిగినకొద్దీ షూలను ఎడం జరుపుతుంది. తనంతట తానే సర్దుకునే రకంలో ఎడమ చక్రానిదీ కుడి చక్రానిదీ వేరు, మరలు ఎదురెదురు. తారుమారు చేస్తే బిగించవలసింది వదులు చేస్తుంది. పెడల్ రోజురోజుకూ కిందికి దిగుతుంది. ఆ బండిలో కూర్చునేది మన స్నేహితుడే కదా!

కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి చెరువుల గట్లమీద ఇంజన్లు, ఏరేటర్లు బాగుచేసేవారిని చూడండి. నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామునే. ఆ వేళకు ఏరేటరు ఆగిందా, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే వాళ్ళు ఊహమీద బిగించరు. తడిమి, కొలిచి, పాతదాని పక్కన పెట్టి చూసుకుని మరీ వేస్తారు. ఈ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు. రాసిపెట్టినవారూ లేరు. ఆ మేస్త్రీలతోనే అది పోతే నష్టపోయేది మనమే. లెక్చరర్లు నన్ను మన్నించాలి. థర్మోడైనమిక్స్‌లో ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాడు ఆయిల్ సీలు ఏ ముఖం ఎటు పెట్టాలో తెలియక నిలబడితే, లోపం వాడొక్కడిదే కాదు.

కాబట్టి నా సూచనలు ఇవి. ముక్క విప్పిన క్షణమే చీటీ కట్టాలి: ఏ బండిది, ఏ వైపుది, ఎవరు విప్పారు. విప్పకముందే ఫోనులో ఫొటో తీయాలి. వర్క్‌షాపులో 'తెలియనివి' అని ఒక అర పెట్టాలి. అందులో పెట్టడానికి ఎవరూ సిగ్గుపడకూడదు. బ్రేకుకో, స్టీరింగుకో చెందిన ముక్క ఒక్కటి ఆ అరలో మిగిలినా బండి కదలరాదు. పేరు తేలిన ప్రతి ముక్కనూ రిజిస్టరులో ఎక్కించి, చెప్పిన మేస్త్రిగారి పేరు కూడా రాయాలి. ఆయన్ను నెలకొకసారి పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, పారితోషికం ఇవ్వాలి. 2015లో తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చింది. అక్కడి విద్యార్థులతో ఈ రిజిస్టరు పంచుకుంటే ఇద్దరికీ లాభమే.

ఒక వెర్నియరు, ఒక మర గేజి, ఒక లావుపాటి పుస్తకం. ఈ సావనీరులో ఒక పేజీ ప్రకటన డబ్బు చాలదా? కొత్త కార్యవర్గం బాధ్యతలు పుచ్చుకున్న నాడు పూలదండలు వేసే మిత్రులంతా ఈ రిజిస్టరు సంగతి కూడా అడగాలని నా మనవి.