అసలు క్షవరం అంగట్లోనే!

హీరో నున్నగా గెడ్డం గీసుకుని కనబడితే "ఓహో, ఫ్లాష్‌బ్యాక్ మొదలైంది" అని జనం అనుకునే రోజులివి. ఇలాంటి రోజుల్లో పాతకాలం రేజర్ల గోల మనకెందుకయ్యా అంటారా? నిజమే. కాని ఆ గోల నాది కాదు. ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మే వెలగబెడుతున్న ఓ వరంగల్ కుర్రాడిది.

వాడికి సినిమా పిచ్చి. మామూలు పిచ్చి కాదు, సొంత డబ్బుతో షార్ట్‌ఫిల్మ్ తీసేంత పిచ్చి. కథ 1952 సెప్టెంబరులో జరుగుతుంది. ముల్కీ ఉద్యమం రోజులు, సిటీ కాలేజి దగ్గర కాల్పులు జరిగిన నెల. హాస్టల్ గదిలో ఓ విద్యార్థి ఊరేగింపుకి బయల్దేరేముందు కిటికీకి అద్దం ఆనించి గెడ్డం గీసుకుంటాడు. మాటల్లేవు, పాటల్లేవు. రెండు నిమిషాల సీను. సినిమా మొత్తానికి అదే గుండెకాయట.

"అన్నా, రేజరు మాత్రం అసలు ఆ జమానాదే కావాలె. దుకాన్ల దొరికేది పెడితే నవ్వుతరు" అన్నాడు.

నవ్వరూ మరి! 1940 నాటి జమీందారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ముందు బెంచీలోంచి ఈల వేసేది మనమే కదా. పైగా వాడికి సెట్టు ఖర్చు లేదు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజి గులాబిరంగు రాళ్లతో ఇప్పటికీ ఠీవిగా అక్కడే నుంచుని ఉంది. లేనిదల్లా రేజరొక్కటే. దానికని వాడు పక్కన పెట్టింది మూడు వేల రూపాయలు.

నాకు పాత సామాన్లంటే సరదా ఉందని వాడికెవరో చెప్పారు. ఇంకేముంది, తగులుకున్నాడు.

తార్నాకలో మేం తిరిగినంతమేర పాత వస్తువులు అందంగా అద్దాల బీరువాల్లో పెట్టి అమ్మే కొట్టు ఒక్కటీ కనపడలేదు. అంచేత మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారి, ఎమ్‌జీబీఎస్‌లో దిగి, అక్కణ్ణించి ఆటోలో పాతబస్తీకి. 1892లో కట్టిన మహబూబ్ చౌక్ గడియార స్తంభం చుట్టుపక్కల, జనం ముర్గీ చౌక్ అని పిలిచే ఆ సందుల్లో, గ్రామఫోన్లు, అత్తరు బుడ్లు, తుప్పు తాళాలు, చెయ్యి విరిగిన గడియారాలు... చూడ్డానికి ఓ రోజు చాలదు. నేనైతే టికెట్టు లేని మ్యూజియం అంటాను.

ఓ కొట్లో పెద్దాయన మఖమల్ గుడ్డ విప్పి తళతళలాడే రేజరు బయటికి తీశాడు. అడుగున మీట తిప్పితే తల మీది రెండు రెక్కలూ సీతాకోకచిలుకలా విచ్చుకున్నాయి. కుర్రాడి కళ్లూ విచ్చుకున్నాయి.

"భాయ్, మామూలు చీజ్ కాదు ఇది. నిజాం సర్కార్ గద్దెనెక్కిన సాల్‌ది. ఆరు వేలు."

ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో. నేను రేజరు తిరగేసి తల కిందిభాగం చూశాను. సన్నగా ఇంగ్లీషు అక్షరం 'డి', పక్కన '2' అంకె.

కుర్రకారు గుర్తుపెట్టుకోవాల్సిన కిటుకు ఇక్కడే ఉంది. అమెరికాలో తయారైన జిల్లెట్ రేజర్ల మీద 1950ల నుంచి ఓ అక్షరం, ఓ అంకె కొట్టేవారు. అక్షరం సంవత్సరానికి, అంకె మూడేసి నెలల భాగానికి. 1951కి 'డబ్ల్యూ', 1954కి 'జెడ్', మళ్లీ 1955కి 'ఏ'. ఆ లెక్కన 'డి 2' అంటే 1958లో రెండో భాగం, అంటే ఏప్రిల్-జూన్ నెలలు. నిజాంగారు గద్దెనెక్కడం మాట దేవుడెరుగు, అప్పటికి హైదరాబాదు రాష్ట్రమే లేదు! ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాదిన్నర దాటింది.

"చాచా, ఇది నిజాంది కాదు, నీలం సంజీవరెడ్డిగారి కాలంది" అన్నాను. పెద్దాయన ఏమాత్రం నొచ్చుకోలేదు. పకపకా నవ్వి, రెండు వేలకి దిగి, చాయ్ తెప్పించాడు. మన తెలుగులో మోసపోవడాన్ని "క్షవరం అయింది" అని ఎందుకంటారో ఇలాంటి కొట్లో కూర్చుంటే బాగా తెలుస్తుంది. ఏమాటకామాట చెప్పుకోవాలి, వస్తువు మాత్రం మంచిదే. కాని 1952 కథకి 1958 రేజరు పనికిరాదని కుర్రాడు భీష్మించుకున్నాడు.

"తెరమీద ఆ అక్షరం ఎవడు చూస్తాడు తమ్ముడూ?"

"నేను చూస్తనన్నా."

ఆ మాటతో వీడు డైరెక్టరవుతాడని నాకు నమ్మకం కుదిరింది.

చాయ్ తాగుతూ వాడికి చెప్పిన కథే మీకూ చెప్తాను. కింగ్ జిల్లెట్ అనే అమెరికా ఆసామి వాడి పారేసే బ్లేడు అమ్మాలని కలగన్నాడు. కాగితంలాంటి పల్చటి ఉక్కుకి పదును పెట్టడం కుదరదని చెప్పినవాళ్లు చాలామంది. నికర్సన్ అనే ఇంజనీరు కుదిర్చి చూపించాడు. 1903లో, అమ్మకాల మొదటి ఏడాది, పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మన భాషలో చెప్పాలంటే అట్టర్ ఫ్లాప్! మరుసటేడు రేజర్లే 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తన సిపాయిలకి లక్షలకొద్దీ కొనేసరికి ఇక తిరుగు లేకపోయింది. అంతకుముందు మగాడి గెడ్డం మంగలికత్తి చేతిలో ఉండేది. మంచి కత్తి అంటే ఇంగ్లండులో షెఫీల్డుదో, జర్మనీలో సోలింగెన్‌దో. ఆ ఊళ్ల పేర్లు చెక్కిన కత్తులు మన పాతబస్తీలో ఇప్పటికీ దొరుకుతాయి. బల్లమీద పెట్టుకు చూసుకోండి. అంచున తుప్పు గుంటలు పడ్డవాటిని మాత్రం మొహం దగ్గరికి తేకండి.

ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజారు. రెండూ కాళ్లరిగేలా తిరిగాం. రేజర్లు దొరక్కపోలేదు. ఒకదాని మరలు అరిగిపోయాయి. ఇంకోదానికి పూత లేచినచోట ఇత్తడి పసుపు కాకుండా బూడిదరంగు లోహం కనిపించింది, అంటే చవకబారు సరుకు. మరోటి భేషుగ్గా ఉండేదే, ఎవరో మహానుభావుడు చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోమి నికెల్ పూతంతా ఊడగొట్టాడు. పూత ఉన్న వస్తువుకి పులుపు తగలకూడదు. గోరువెచ్చని సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్షు చాలు.

షూటింగు ఇంకో వారం ఉందనగా కుర్రాడి మొహం దేవదాసులో అక్కినేనిలా అయిపోయింది, గెడ్డంతో సహా.

ఆ వారమే తార్నాకలో, స్ట్రీట్ నంబర్లతో పిలుచుకునే ఓ వీధిలో నడుస్తున్నాం. "పాత ఇనుపసామాన్లు, పాత పేపర్లు కొంటాం" అని మైకులో అరుస్తూ ట్రాలీ ఆటో ఓ పాత డాబా ముందు ఆగి ఉంది. ఇల్లు బిల్డరు చేతికి వెళ్తోందని చూస్తేనే తెలుస్తోంది. ఎనభై దాటిన పెద్దావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కబాడీ అతను తూకం వేస్తున్నాడు. తక్కెట్లో ఇత్తడి చెంబు, విరిగిన స్టవ్వు, వాటి మధ్య నికెల్ పూతతో బారెడు కాదుగాని జానెడు పొడుగున్న రేకుపెట్టె.

కుర్రాడు ఆగమన్నాడు. పెట్టె మీద 'రోల్స్ రేజర్' అని ఉంది. దీని సంగతి వేరు. బ్లేడు పారేయడం ఉండదు. ఒకవైపు మూతలో సానరాయి, రెండోవైపు మూతలో తోలుపట్టా. ఓ మూత తీసి పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తే లోపల బ్లేడు తిరగబడుతూ పదునెక్కుతుంది. ఇంగ్లండులో 1920లలో మొదలై 1950ల చివరిదాకా చేశారు. తర్వాత ఆ కంపెనీ పేరుతోనే బట్టలుతికే మిషన్లు అమ్మబోయి 1964లో దివాలా తీశారు. అంటే, 1952లో ఓ విద్యార్థి గదిలో, తండ్రి ఇచ్చిందో మామ ఇచ్చిందో, ఉండటానికి అన్ని విధాలా తగిన వస్తువు!

"ఎంతమ్మా?" అన్నాడు వాడు. మూడు వేలూ అప్పుడే జేబులోంచి తీశాడు.

ఆవిడ జవాబు చెప్పలేదు. వాడి చేతిలో పెట్టె టకటకమంటోంది, ఆడించి చూస్తున్నాడు కదా. ఆవిడ తల తిప్పింది.

"ఆ చప్పుడు విని ఎన్నాళ్లయింది బాబూ! వారు యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. పొద్దున్నే అది ఆడిస్తే పాలు కాచాలని నాకు గుర్తు. పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లకెందుకివన్నీ అని..."

కబాడీ అతను మంచివాడు. ఎవరూ చెప్పకుండానే పెట్టెని తూకంలోంచి పక్కన పెట్టాడు. "ఇది రాసుకోలే అమ్మా" అన్నాడు.

బేరం ఆడటానికి నాకు నోరు రాలేదు. కుర్రాడూ డబ్బు జేబులో పెట్టేసుకున్నాడు. విషయం చెప్పాడు: సినిమా, 1952, హాస్టలు గది, ఆ రెండు నిమిషాలు. ఆవిడ అన్నీ విని రెండు షరతులు పెట్టింది. అమ్మదు, అరువిస్తుంది. ఇల్లు ఖాళీ చేసేలోగా, వచ్చే ఆదివారానికి, తెచ్చివ్వాలి. రెండోది, తీసిన సీను ముందు తనకే చూపించాలి.

ఆదివారం పొద్దున సెల్‌ఫోన్లో చూపించాం. పెట్టె ఆవిడ ఒళ్లో ఉంది. కుర్రాడు ఊపిరి బిగబట్టి నుంచున్నాడు. చూసినంతసేపూ ఏమీ అనలేదు.

"అంత హడావిడిగా ఆడించకూడదు బాబూ. తొందరపడితే తోలు తెగుతుందనేవారు. ఇలా..." అంటూ తనే పెట్టె చేతిలోకి తీసుకుంది.

కుర్రాడు గబగబా ఫోనులో రికార్డింగ్ నొక్కాడు. సినిమాలో వినబడేది ఆ చప్పుడే.