పండుగ పనిలో ఒంటిని మరచిపోవద్దు



డిసెంబరు నెల వచ్చిందంటే మన పల్లె సంఘాలలో ఎవరికీ కాలు నిలవదు. ఒక వైపు వరి కోతలు, నూర్పిళ్ళు. మరో వైపు మందిరానికి సున్నము వేయాలి, నక్షత్రము కట్టాలి, పిల్లలకు నాటిక నేర్పాలి. ఇంట్లో కొత్త బట్టల సంగతి చూడాలి, అరిసెలు, జంతికలు వండాలి. రాత్రి కేరల్స్‌కు బయలుదేరితే ఇంటికి చేరేసరికి కోడి కూస్తుంది. 24 రాత్రి ఆరాధన, 25న ప్రేమవిందు, 31 రాత్రి మళ్ళీ కూడిక. ఇదంతా సంతోషమే. కాని ఈ సంతోషములో మేము చేసిన ఒక తప్పును ఈ నెల మీతో చెప్పుకోవాలి.

2016 క్రిస్మస్‌నాటి మాట. అప్పుడు మేమున్న సంఘములో స్త్రీల సమాజానికి పెద్దదిక్కు అయిన ఒక అమ్మ ఉండేవారు. ప్రేమవిందు వంట ఆమె చేతి మీదుగానే జరగాలని అందరమూ పట్టుబట్టాము. ఆమె కాదనలేదు. పగలు కళ్ళములో పని, రాత్రి పొయ్యి దగ్గర పని. బి.పి. బిళ్ళలు అయిపోయి పది రోజులైనా, ఆ డబ్బుతో మనవరాలికి గాజులు కొన్నారు. పండుగ వెళ్ళాక బిళ్ళలు తెచ్చుకోవచ్చుననుకున్నారు. ఈ సంగతి మాకు తరువాత తెలిసింది.

25 తెల్లవారుజామున ఆరాధన ముగిశాక ఆమె మూతి కొద్దిగా వంకర పోయింది. మాట ముద్దగా వచ్చింది. రాత్రంతా నిద్ర లేక అలా ఉందనుకున్నాము. ప్రార్థన చేసి, "కాస్త నడుము వాల్చమ్మా, సర్దుకుంటుంది" అని చెప్పింది మేమే. మధ్యాహ్నానికి కుడి చెయ్యి లేవలేదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి పొద్దు వాలింది. ముందే తెస్తే బాగుండేదని డాక్టరుగారు అన్న మాట ఇప్పటికీ మా చెవిలో ఉంది. ఆమె బ్రతికారు, దేవునికి స్తోత్రము. కాని ఆ చేతితో మళ్ళీ అరిసె ఒత్తలేదు.

పక్షవాతమునకు గుర్తులు అవే: మూతి వంకర పోవడం, ఒక చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట తడబడడం. వీటిలో ఒక్కటి కనబడినా వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దానిని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఆ మందు ఇవ్వవచ్చునో లేదో డాక్టరుగారు పరీక్షించి చెబుతారు. అందుకే గుర్తులు మొదలైన సమయము గుర్తుపెట్టుకోండి. నోట్లో నీళ్ళు గాని సోడా గాని పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోతాయి. ప్రార్థన మానమనడం లేదు. బండి వచ్చేలోగా ప్రార్థించండి, బండిలో కూర్చుని ప్రార్థించండి.

చలికాలములో రక్తనాళాలు బిగుసుకుంటాయి, బి.పి. పెరుగుతుంది. ఇదే నెలలో ఉప్పు, నూనె, పని అన్నీ పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది. కాబట్టి బట్టల కొట్టుకు వెళ్ళక ముందే నెలకు సరిపడ బిళ్ళలు తెచ్చి ఇంట్లో పెట్టండి. పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. జంతికలలో, పచ్చళ్ళలో ఉన్నది కూడా ఆ లెక్కలోనిదే.

షుగరు ఉన్నవారికి మరొక మాట. బెల్లము చక్కెర వంటిది కాదని కొందరు అరిసెలు ధైర్యముగా తింటారు. షుగరు పెంచే విషయములో రెండిటికీ పెద్ద తేడా లేదు. కేరల్స్‌లో పది ఇళ్ళలో పది టీలు తాగితే, టీకి రెండు చెంచాల చొప్పున 80 గ్రాముల చక్కెర ఒంట్లోకి పోతుంది. ప్రేమగా ఇచ్చినదానిని కాదనలేమంటారు. మంచినీళ్ళు అడగండి, ప్రేమ తగ్గదు. ఉపవాస ప్రార్థన చేసేవారు డాక్టరుగారిని అడగకుండా ఖాళీ కడుపుతో షుగరు బిళ్ళ వేసుకోవద్దు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. ఉపవాసము మరొక రోజు చేయవచ్చు.

ఇక వ్యాయామము. పొద్దున్న నుండి కోత కోసిన చెల్లెమ్మకు నడక చెప్పడం అన్యాయము. ఆమెకు కావలసినది నిద్ర, ఇంటిలో మరో రెండు చేతులు. పిండి దంచడానికి, నీళ్ళు మోయడానికి మగవారు కూడా లేవాలి. కొట్టులో కూర్చునేవారికి, బడిపంతుళ్ళకు, మావంటి బండి ఎక్కి తిరిగే కాపరులకు మాత్రము రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులైనా చురుకైన నడక అవసరము.

మనసు మీది బరువు అన్నిటికంటె పెద్దది. వడ్డీకి తెచ్చిన బట్టలు పండుగనాడు మెరుస్తాయి, సంక్రాంతి వచ్చేసరికి అప్పులవాడు గుమ్మములో నిలుచుంటాడు. భార్యాభర్తలు డిసెంబరు మొదటి వారములోనే కూర్చుని, చేతిలో ఉన్నదెంతో కాగితము మీద రాసుకోండి. లేనిది లేదని పిల్లలకు ప్రేమతో చెప్పండి. ఈ సంవత్సరము మరణము చూసిన ఇల్లు మీ వీధిలో ఉంటే, అక్కడ డప్పు ఆపి, నెమ్మదిగా ఒక ప్రార్థన చేసి రండి.

ఏలీయా బదరీ చెట్టు క్రింద ప్రాణము విసిగి పడుకున్నప్పుడు దూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. హోరేబుకు నలువది దినముల ప్రయాణము ఆ తరువాతే. అలసిన భక్తునికి దేవుడు మొదట అన్నము, నిద్ర ఇచ్చాడు.

ఆ సంవత్సరము తరువాత మా సంఘములో మూడు ఏర్పాట్లు చేసుకున్నాము. కేరల్స్ రాత్రి పది గంటలకు ముగిస్తాము. ప్రేమవిందు వంట వంతులవారీగా పంచుకుంటాము. డిసెంబరు మొదటి ఆదివారము ఆరాధన తరువాత పెద్దవారందరినీ, "బిళ్ళలున్నాయా?" అని ఒక్కొక్కరినే అడుగుతాము. మీ సంఘములోనూ అడగండి. ఆ అమ్మను మేము అడగలేకపోయాము.

ప్రభువు మీ ఇంటిల్లిపాదికీ క్షేమమునిచ్చును గాక. ఆమేన్.