గులాబీ కోసే చేతికి చట్టం అందాలి

ప్రేమికుల రోజు దగ్గరపడితే తమిళనాడులోని హోసూరు చుట్టూ ఉన్న పాలీహౌసుల్లో ఊపిరి సలపని పని. మొగ్గ విచ్చుకోకముందే కాడ కత్తిరించాలి, కింది ఆకులూ ముళ్లూ దూయాలి, పొడవును బట్టి వేరుచేసి ఇరవయ్యేసి పూల చొప్పున కట్టలు కట్టాలి. ఆ కట్టలు బెంగళూరు మీదుగా విదేశాలకు విమానమెక్కుతాయి. పువ్వు ధరను మార్కెట్ తేలుస్తుంది. కోసిన మనిషి కూలిని మాత్రం చాలాచోట్ల మేస్త్రి నోటిమాటే తేలుస్తోంది.

చట్టం లేకనా? 1948 నాటి కనీస వేతనాల చట్టమే వ్యవసాయమంటే దుక్కి, కోత మాత్రమే అనుకోలేదు. పండ్లు, పూల తోటలు, పాడి, కోళ్లు, పంటను మార్కెట్‌కు సిద్ధం చేసే పని అన్నీ అందులో చేర్చింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఇంకా ముందుకెళ్లింది. కూలి తక్కువిస్తే ఫిర్యాదు చేయడానికి అప్పట్లో ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. ఒకే పనికి ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు పెట్టడం నేరం.

కూలికి చట్టం అండ కావాలన్న పాఠం తమిళనాడుకు కొత్తది కాదు. కూలి పోరాటం నడుస్తుండగా 1968 డిసెంబరు 25 రాత్రి అప్పటి తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో తగలబెట్టారు. మరుసటి ఏడాదే అక్కడి వ్యవసాయ కూలీల కోసం న్యాయమైన కూలి చట్టం వచ్చింది. తంజావూరు ఉన్న కావేరి డెల్టాలో కూలి అడిగే సంఘాలున్నాయి. హోసూరు ఉన్న కృష్ణగిరి మెట్టసీమలో సంఘాలు అంతగా వేళ్లూనలేదు. అందుకే ఇక్కడ ప్రభుత్వమే ముందు కదలాలి.

సరిహద్దు వింత ఇంకొకటి. 2025-26లో ఉపాధి హామీ కూలి తమిళనాడులో 336 రూపాయలు, సరిహద్దులోని అత్తిబెలె దాటితే కర్ణాటకలో 370. పార అదే, ఎండ అదే, తేడా 34 రూపాయలు.

రైతు మాటా వినాలి. ఈ ప్రాంతంలోని రాయకోట మార్కెట్‌లో టమాటా ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా గిట్టదు. ఆ బాధ నిజం. కానీ 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు కూలి ఆ లెక్కన పెరిగిందా? ధర పడితే ఆదుకోవలసింది ప్రభుత్వం. గిట్టుబాటు ధర, శీతల గిడ్డంగి, గుజ్జు పరిశ్రమ, ఇవీ దారులు. ఆ నష్టాన్ని కూలిమనిషి నెత్తిన పెట్టడం అన్యాయం. రాజస్థాన్‌లో కరువు పనుల కేసులో 1983లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: కరువు సహాయ పనయినా సరే, కనీస వేతనం కన్నా తక్కువిస్తే అది వెట్టిచాకిరీయే.

కార్మిక శాఖ చేయవలసిన పనులు పెద్దవేం కావు. బాగలూరు, శూళగిరి, డెంకణీకోట, తళిలో రేషన్ షాపుల ముందు కనీస కూలి రేట్లను తమిళంతో పాటు తెలుగులోనూ కన్నడంలోనూ రాయించాలి. కట్టకింత, క్రేటుకింత అని గుత్తకిచ్చే పనికీ కనీస రేటు ప్రకటించాలి. పెద్ద పాలీహౌసుల్లో ప్రతి కూలీకీ వేతన చీటీ ఇస్తున్నారో లేదో తనిఖీ చేయాలి. అయిదుగురికి మించకుండా కూలీలను పెట్టుకునే రైతుకు రికార్డుల బాదరబందీ నుంచి కోడ్ మినహాయింపు ఇచ్చింది. వందల మందితో పూలు ఎగుమతి చేసే యాజమాన్యానికి ఆ మినహాయింపు లేదు.