గారడీకి పెద్ద వేదిక ఎప్పుడు?

మన సంఘం పండగల్లో మేజిక్ షో ఎప్పుడు పెడతామో గమనించారా? భోజనాలు ఆలస్యమైనప్పుడు! పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతుంటే వాళ్లందరినీ పక్క గదిలోకి తోలి, అక్కడొక మెజీషియన్‌ని నిలబెడతాం. ఆయన బెలూన్లతో నాలుగు కుక్కపిల్లల్ని చేసి, రెండు రుమాళ్లు మాయం చేసి, చెక్కు పుచ్చుకుని వెళ్లిపోతాడు. పెద్దవాళ్లెవరూ ఆ గుమ్మం తొక్కరు. కూచిపూడికి పెద్ద వేదిక, సినిమా పాటలకి ఇంకా పెద్ద వేదిక, మేజిక్‌కి మాత్రం ఆయా ఉద్యోగం. ఇది సబబు కాదని నా మనవి.

ఈ మాట అనడానికి మన డబ్లిన్ కంటే తగిన ఊరు లేదు. (కాలిఫోర్నియా డబ్లిన్ తెలుగువారు మన్నించాలి.) మనకి అరగంట దూరంలోని కొలంబస్‌లో 1869లో హోవర్డ్ థర్‌స్టన్ పుట్టాడు. పేకముక్కల విద్యతో పైకి వచ్చి, ప్రపంచయాత్రలో మన దేశం కూడా తిరిగి, 1908లో హారీ కెల్లర్ అనే మహా ఐంద్రజాలికుడి వారసుడయ్యాడు. 1936లో పోయాక ఆయన్ని కొలంబస్‌లోనే గ్రీన్‌లాన్ ఆబీలో ఉంచారు. అదే కొలంబస్‌లో 1930ల నుంచి మేజి-ఫెస్ట్ అనే మెజీషియన్ల సమ్మేళనం జరుగుతోంది. మన సంక్రాంతి సంబరాల వేడి తగ్గకముందే వాళ్ల పండగ వస్తుంది. మనలో ఎందరం తొంగిచూశాం?

కెల్లర్ దగ్గర్నుంచి థర్‌స్టన్‌కి వచ్చిన అంశాల్లో అతి గొప్పది, ఒక అమ్మాయిని గాలిలో తేలేయడం. ఆ అమ్మాయి పేరు ‘ప్రిన్సెస్ కార్నాక్’, హిందూ రాకుమారి అని చెప్పేవారు. అసలు ఆ యంత్రాంగం కనిపెట్టింది లండన్‌లోని మాస్కెలీన్. ఇంగ్లీషువాడి యంత్రం, అమెరికావాడి వేదిక, పేరు మాత్రం మనది! భారతదేశం పేరు చెబితే టిక్కెట్లు తెగుతాయని వాళ్లకి బాగా తెలుసు. 1890లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక, మన ఫకీరొకడు తాడు పైకి విసిరితే అది నిలబడిందనీ, కుర్రాడు దాన్నెక్కి మాయమైపోయాడనీ రాసింది. కొన్ని నెలలకి అది కల్పనేనని తనే ఒప్పుకుంది. ఒప్పుకోలు ఎవరూ చదవలేదు కాబోలు, తాడు కథ మాత్రం ప్రపంచమంతా పాకింది.

అలాగని మన దగ్గర సరుకు లేకపోలేదు. పదిహేనో శతాబ్దపు కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో ఒక ఐంద్రజాలికుడున్నాడు. భార్యని రాజుకి అప్పగించి ఆకాశంలో యుద్ధానికి పోతాడు. పైనుంచి తెగిన కాళ్లూ చేతులూ పడతాయి. భార్య అగ్నిప్రవేశం చేస్తుంది. అంతలో మనవాడు నవ్వుతూ దిగివచ్చి, నా భార్య ఏదీ అంటాడు! ఏ బ్రాడ్‌వే వాడైనా ఇంతకంటే ఏం చూపిస్తాడు? సభల్లో ఇంద్రజాలం చేసి బతికిన విప్రవినోదుల ప్రస్తావన విజయనగర కాలపు శాసనాల్లో ఉంది. వీధిలో మామిడి టెంక పాతి, బుట్ట మూసి, తీసేసరికి మొక్క చూపించే గారడీవాళ్లని మీలో చాలామంది చూసే ఉంటారు. వాళ్లకి మనం వేసింది చిల్లర డబ్బులు. పైగా వాళ్ల విద్య పేరుని తిట్టుగా మార్చుకున్నాం: మాటల గారడీ, లెక్కల గారడీ!

మోసం చేయడం పిల్లలకి నేర్పడమేమిటి అని ఒక పెద్దాయన అన్నారు. నేను ఒప్పుకోను. మోసం చేస్తానని ముందే చెప్పి, టిక్కెట్టు పుచ్చుకుని మోసం చేసే నిజాయితీపరుడు మెజీషియన్ ఒక్కడే. మాంత్రికుడు వేరు, ఐంద్రజాలికుడు వేరు. ‘పాతాళభైరవి’ చూసి పెరిగిన మనం ఆ రెంటినీ కలిపేశాం. గాలిలోంచి విబూది తీసే కిటుకు నేర్చిన పిల్లవాడు రేపు ఏ బాబా కాళ్లమీదా పడడు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా మేజిక్ చేసి చూపించేది ఇందుకే. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు మేజిక్‌తో మొదలుపెట్టి హిప్నాటిజానికీ, వ్యక్తిత్వ వికాస పుస్తకాలకీ వెళ్లారు. హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయం ఇంద్రజాలంలో డిప్లొమా పెట్టింది. అక్కడ పాఠ్యాంశమైనది ఇక్కడ పక్కగది పాలైంది.

ఇంకొక లాభం ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మన పిల్లలు పద్యం గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. బాగుందమ్మా, ఏ క్లాసు చదువుతున్నావు అని తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తారు. మేజిక్‌లో అలా కుదరదు. నాణెం ఏ చేతిలో ఉందో చెప్పండి బాబాయ్ గారూ అనాలి. ఆయన ఎడమ అంటే ఒక మాట, కుడి అంటే ఇంకో మాట సిద్ధంగా ఉండాలి. చేతులు ఒక పని చేస్తుంటే నోరు వేరే కబుర్లు చెప్పాలి. బట్టీపట్టిన తెలుగు అక్కడ పనికిరాదు, మాట్లాడే తెలుగే కావాలి. నాణేన్ని అరచేతిలో దాచడం అద్దం ముందు నెల రోజులు సాధన చేస్తే వస్తుంది. ఒక పేకల కట్ట, తాడు ముక్క, రెండు క్వార్టర్లు చాలు. కూచిపూడి దుస్తుల ఖర్చు తెలిసిన తల్లిదండ్రులకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కార్యక్రమాల కమిటీ వారికి నా విన్నపం ఒక్కటే. తెలుగు బడిలో పదిమంది పిల్లలకి వారానికొక గంట మేజిక్ నేర్పించండి. నేర్పడానికి కొలంబస్ మెజీషియన్‌నే పిలవండి, తెలుగు మాటలు మనం అందిద్దాం. వచ్చే ఉగాదికి వాళ్లకి అరగంట ఇవ్వండి. పెద్ద వేదిక మీద, పెద్దలు కూర్చుని ఉండగా, భోజనాల గంట కొట్టకముందు.